చుక్కల గీతకు పైన

కత్తిరించిన కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని వెనక బెంచీలోని పిల్ల లేచి నిలబడింది. "టీచర్, ఈయన ఎందుకు బాధపడ్డాడు?" అని అడిగింది.

అడగాల్సిన ప్రశ్నే. కాగితంలో మొదటి ప్రశ్న కూడా అదే: పడవ నడిపే మనిషి రెండో పేరాలో ఎందుకు బాధపడ్డాడు? దాని కింద నాలుగు జవాబులున్నాయి. లేనివల్లా ఆ రెండో పేరా, ఆ పడవ, ఆ మనిషి. పుస్తకంలో ప్రతి పేజీకీ నడిమధ్యన ఒక చుక్కల గీత ఉంటుంది. గీతకు పైన పాఠం, కింద ప్రశ్నలు. ఆ పైభాగాన్ని నిన్న మధ్యాహ్నం టీచరమ్మే కత్తెర పట్టుకుని కూర్చుని, పేజీ తర్వాత పేజీ కోసి చెత్తబుట్టలో వేసింది. వెనక బ్యాచ్‌కి పుస్తకాలు అలాగే ఇవ్వాలని ట్యుటోరియల్ సారు హుకుం.

ఆమె నోరు తెరిచేలోగా గుమ్మంలోంచి సారు గొంతు వినిపించింది.

"ఆయన బాధ నీకెందుకే నత్తమ్మా, నువ్వేమైనా వెళ్లి ఓదారుస్తావా? అన్నిటికంటే పొడుగ్గా ఉన్న జవాబుకి టిక్కు పెట్టి కూర్చో."

పిల్లలందరూ నవ్వారు. నవ్వకపోతే సారు గుర్తుపెట్టుకుంటాడు. ఆ పిల్లకు నత్తమ్మ అని పేరు పెట్టింది కూడా ఆయనే. అక్షరాల కింద వేలు పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుని చదువుతుందని ఆ పేరు. ఆ పిల్ల నవ్వనూలేదు, ఏడవనూలేదు. కాగితాన్ని తిరగేసి, వెనకవైపు ఏమైనా ఉందేమోనని చూసుకుని, అప్పుడు కూర్చుంది. అలా తిరగేయడం చూసిన టీచరమ్మకు చెంప ఛెళ్లుమన్నట్టయింది.

ఆ ట్యుటోరియల్‌లో చెప్పేది ఒక్క పఠన పరీక్ష చదువే. ఇచ్చిన పాఠం చదివి, దాని మీద అడిగిన ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. అందులో గట్టెక్కిన పిల్లలకు పెద్ద బడిలో ఉచితంగా సీటు దొరుకుతుంది. గట్టెక్కనివాళ్లు ఏదో ఒక పనిలో కుదురుకోవలసిందే. సారును చుట్టుపక్కల వీధులన్నీ చిట్కాల సారు అంటాయి, ఆ మాటకు ఆయన మురిసిపోతాడు కూడా. పొడుగు జవాబే నిజం. ‘మాత్రమే’, ‘ఎప్పుడూ’, ‘అందరూ’ అనే మాటలున్న జవాబును కళ్లు మూసుకుని కొట్టెయ్. ఒకదానికొకటి ఎదురు తిరిగే జవాబులు రెండుంటే వాటిల్లో ఒకటి పట్టుకో. ఏదీ తోచకపోతే మూడోది. ఇవీ ఆ చిట్కాలు. ముందు బ్యాచ్‌కి వీటిని పాఠంతో పాటు నంజుకోవడానికి ఇచ్చేవాడు. వెనక బ్యాచ్‌కి భోజనమే ఇవి. నెమ్మదిగా చదివేవాళ్ల కంటబడితే పాఠం వాళ్ల టైమంతా మింగేస్తుందని, కంటబడకుండా చేస్తే పీడా పోతుందని ఆయన సిద్ధాంతం.

క్లాసయ్యాక ఆఫీసు గదిలో పరీక్ష దరఖాస్తులు సర్దుతూ సారు నత్తమ్మ దరఖాస్తును పక్కకు లాగాడు. దీన్ని పంపొద్దని టీచరమ్మ ముందుకు తోశాడు. సోమవారంతో గడువు అయిపోతుందని ఆమె గుర్తుచేసింది. అందుకే సోమవారం దాకా ఎవరి దగ్గరా నోరు మెదపొద్దన్నాడు. నూటికి తొంభై అయిదు మంది గట్టెక్కుతారని వీధిలో అంత పెద్ద బోర్డు పెట్టించాక, తప్పుతుందని తెలిసిన పిల్లను పంపి ఎవడైనా ఆ అంకె పాడుచేసుకుంటాడా అని అడిగాడు.

"తప్పుతుందని ఎలా తెలుసు సార్? ఆ పిల్లకి ఒక్కసారైనా పాఠం ఇచ్చి చూశామా?"

"ఇస్తే ఇంకా బాగా తప్పుతుంది." సారు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏమ్మా, చదవడం ఎలాగో నాకే నేర్పుతావా? నీకు వచ్చిన విద్య కత్తెర విద్య. అదొక్కటి చక్కగా చేస్తున్నావు, దాంతో సరిపెట్టుకో."

ఫీజు కట్టడానికి వచ్చిన తండ్రులిద్దరు ఆ గదిలోనే ఉన్నారు. వాళ్లూ నవ్వారు. టీచరమ్మ తల కొట్టేసినట్టై బయటికి వచ్చేసింది. మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ బొటనవేలి మొదట్లో కత్తెర ఒరుసుకుని కాసిన కాయను చూసుకుంది. దాన్ని రెండో చేత్తో నొక్కుతూ పళ్లు నూరింది. ఉద్యోగం పోతే పోనీ, ఈ నవ్విన నోళ్ల ముందే వాడి పరువు తీసి మరీ పోవాలనుకుంది. మనసులో ‘ఆయన’ కాస్తా ‘వాడు’ అయింది ఆ మెట్ల మీదే.

పరువు తీయడానికి ఆదివారం ఉండనే ఉంది. ఏటా పరీక్ష దగ్గరపడగానే సారు ఒక ఆదివారం తల్లిదండ్రులందరినీ హాల్లోకి పిలిచి ప్రదర్శన పెడతాడు. పెద్ద చార్టు మీద పైన పాఠం, కింద ప్రశ్నలు రాయిస్తాడు. పాఠాన్ని ఖాకీ కాగితంతో కప్పించేస్తాడు. ఆ తర్వాత ప్రశ్నల ముందు నిలబడి, పాఠంలో ఒక్క అక్షరం చూడకుండా జవాబులు టకటకా చెప్పేస్తాడు. టీచరమ్మ కవరు చించి సరైన జవాబులు చదువుతుంది. హాలంతా చప్పట్లు. పై ఏడాదికి పేర్లు అక్కడికక్కడే రాయించుకునేవాళ్లు కూడా ఉంటారు. ఇందులో మోసమేం లేదు. సారు ఆ చార్టును ముందుగా చూడడు. చూడకపోవడమే ఆయన పొగరు. రాసేది మాత్రం ఎప్పుడూ టీచరమ్మే.

రాసి రాసి, ఆ చిట్కాలు ఎందుకు పనిచేస్తాయో కూడా ఆమెకు తెలిసిపోయింది. సరైన జవాబుకు ఎవరూ వంక పెట్టకూడదని ప్రశ్నలు రాసేవాళ్లు దానికి మాట మీద మాట తగిలిస్తారు. అది పొడుగైపోతుంది. ‘మాత్రమే’ అనాలంటే ఖాయంగా తెలిసుండాలి. అంత ధైర్యం లేక ఆ మాటను తప్పు జవాబుల్లోకి తోసేస్తారు. అంటే సారు చదివేది పాఠాన్ని కాదు, రాసేవాళ్ల భయాన్ని. ఈసారి నిజాలన్నీ పొట్టిగా రాసి, అబద్ధాలకు పొడుగు చొక్కాలు తొడిగితే సరి. మూడు ప్రశ్నలుంటే మూడింట్లోనూ బోర్లా పడతాడు. ఎందుకు పడ్డాడని జనం అడుగుతారు. అప్పుడు తాను ఖాకీ కాగితం లాగేసి, దాని కింద ఉన్నది గొంతెత్తి చదువుతుంది. ఆ ఘడియ తలుచుకుంటే ఆమెకు అన్నం కూడా రుచిగా అనిపించింది.

ముందు సాక్షులు కావాలి. మర్నాడు సాయంత్రం టీచరమ్మ లాండ్రీకి వెళ్లింది. నత్తమ్మ తల్లి అక్కడ ఇస్త్రీ చేస్తుంది. తెల్లచొక్కా కాలరును లోపలివైపు నుంచి నొక్కుతూ, టీచరమ్మను చూసి మొహం విప్పార్చుకుని, స్టూలు తుడిచి వేసింది. మా కొట్టుదాకా వచ్చే టీచర్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ అంది. దరఖాస్తు సంగతి వినగానే ఇస్త్రీపెట్టెను నిలబెట్టేసింది.

"మా పిల్లకి చదవడం రాదా టీచరమ్మగారూ? మీరు నాతో నిజం చెప్పండి."

"వస్తుంది. నెమ్మదిగా చదువుతుంది."

"నెమ్మదిగా అయితే ఏమైందండీ? నేను గబగబా తోస్తే చొక్కాల ముడతలు పోతాయా?"

ఆదివారం హాలుకు వచ్చి, ఈ మాటే అందరి ముందూ సారును అడగమని టీచరమ్మ చెప్పింది. అడగడానికి నాకేం భయం అంది తల్లి. చొక్కాను బోర్లా తిప్పి, చేతులు వెనక్కి మడిచి, బొత్తాలు పైకి వచ్చేలా మడతపెట్టి దొంతర మీద పెట్టింది. పిల్ల ఇంటికొచ్చి ప్రశ్నలు చదువుకుంటుందే గాని కథలేం చెప్పదేమిటని మాటవరసకు అడిగింది కూడా. టీచరమ్మ ఏదో చెప్పి దాటేసింది. కత్తెర సంగతి ఎత్తలేదు. ఆ సంగతి ఆదివారం బయటపడాల్సిన సంగతి, ఇక్కడ చెప్పేస్తే పదును పోతుందని తనకు తాను సర్దిచెప్పుకుంది.

చార్టు రాయడానికి ఆమెకు రెండు సాయంత్రాలు పట్టింది. ఇంట్లో మంచం గోడకు జరిపి, చార్టును నేల మీద పరిచి, నాలుగు మూలలా గ్లాసులు పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని రాసింది. పాఠం రాయడం సులువే అయింది, కడుపులో మండుతున్నదాన్ని దించడమే కదా. ఒక ట్యుటోరియల్‌లో రెండు గదులున్నాయని మొదలుపెట్టింది. మొదటి గదిలో పిల్లలకు పుస్తకమంతా ఇస్తారు, రెండో గదిలో పిల్లలకు పాఠాలు కత్తిరించేసి ప్రశ్నలు ఇస్తారు అని రాసింది. రాసిన ప్రతి వాక్యానికీ సారు మొహం ఎలా మాడుతుందో ఊహించుకుని మళ్లీ సిరాలో కుంచె ముంచింది.

చిక్కంతా చివరి ప్రశ్న దగ్గర వచ్చింది. ‘మాత్రమే’ ఉన్న జవాబు ఒకటైనా నిజం కావాలి, లేకపోతే పగ సగమే తీరినట్టు. కత్తెర పట్టింది ఎవరు అని ప్రశ్న వేసి, ‘సారు మాత్రమే’ అని జవాబు రాసింది. రాసి చూసుకుంటే నచ్చలేదు. సారు ఏనాడూ కత్తెర ముట్టుకోలేదు. ఈ జవాబు పెడితే వాడు పది మందిలో ఇది తప్పని వాదిస్తాడు, గెలుస్తాడు కూడా. వాడికి సందు ఇవ్వకూడదు. ఆమె చాలాసేపు కుంచె పట్టుకుని కూర్చుంది. ఆఖరికి పాఠంలో ఒక వాక్యం చేర్చి, ‘సారు’ మీద తెల్లకాగితం ముక్క అతికించి, ‘టీచరు మాత్రమే’ అని దిద్దింది. వాడి కొంప అంటుకుంటున్నప్పుడు ఈ ఒక్క వాక్యాన్ని ఎవరు పట్టించుకుంటారనుకుంది.

ఆదివారం హాలు కిటకిటలాడిపోయింది. చోటు చాలక కొందరు కిటికీల దగ్గర నిలబడ్డారు. చార్టు బోర్డుకు వేలాడుతోంది, దాని పైసగం ఖాకీ కాగితం వెనక ఉంది. ఎవరూ తొందరపడి లాగేయకుండా టీచరమ్మ దానికి నాలుగు పక్కలా టేపు వేసి, పైఅంచున రెండు వరసలు వేసింది. ప్రశ్నలు చూపించే కర్ర పట్టుకుని పక్కన నిలబడింది. సారు తన మామూలు జోకులు వేసి, చేతులు రుద్దుకుంటూ చార్టు వైపు నడుస్తుండగా వెనక వరసలో నత్తమ్మ తల్లి లేచింది. మా పిల్ల దరఖాస్తు ఎందుకు పంపలేదని అడిగింది. గొంతేమీ పెంచలేదు, అయినా హాలంతా అటు తిరిగింది.

టీచరమ్మకు ఆనందంతో ఒళ్లు పులకరించింది. వాడిక నీళ్లు నమలాల్సిందే. కానీ సారు నీళ్లు నమిలే రకం కాదు. పంపనని ఎవరన్నారు తల్లీ అని నవ్వి, ఆమె పక్కన కూర్చున్న పిల్లను వేలితో పిలిచాడు.

"మీ అమ్మాయికి చదవడం కష్టం, ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. అలాంటి పిల్ల కూడా నా చిట్కాలతో ఎలా గట్టెక్కుతుందో ఇవాళ అందరూ చూస్తారు. జవాబులు నేను చెప్పను, తనే చెప్తుంది. మూడింట్లో రెండు కరెక్టయితే మీ కళ్ల ముందే సంతకం పెట్టి దరఖాస్తు మీ చేతికిస్తాను. కాకపోతే మళ్లీ నన్ను అడక్కూడదు, సరేనా?"

హాలంతా చప్పట్లు. వాడి కోసం తవ్విన గోతి వైపు ఆ పిల్ల బుద్ధిగా నడిచి వస్తోంది. చిట్కాలన్నీ ఆ పిల్లకు నోటికొచ్చు, ఒక్కోటీ ఒక్కో సున్నా తెచ్చిపెడుతుంది. ఆపాలి. చార్టు తప్పుగా రాశానని చెప్పి, చుట్టచుట్టి తీసుకుపోవచ్చు. అప్పుడు పిల్ల బతికిపోతుంది, వాడూ బతికిపోతాడు. వాడు బతికిపోవడమే ఆమెకు మింగుడుపడలేదు. అందుకే కర్ర పట్టుకుని అక్కడే, అలాగే నిలబడిపోయింది. అందుకు తర్వాత ఆమె తనను ఎన్ని తిట్టుకున్నా, ఆ క్షణంలో నోరు పెగల్లేదన్నది నిజం.

పిల్ల మొదటి ప్రశ్న కింద వేలు పెట్టి చదివింది. జవాబులు నాలుగూ చదివింది. రెండో ప్రశ్నకు వెళ్లింది, అదీ చదివింది. ముందు వరసలో ఎవరో ఆవులించారు. అన్నిటికంటే పొడుగ్గా ఉన్నది ఏది తల్లీ అని సారు తేనె పూసిన గొంతుతో అందించాడు. పిల్ల వేలు పొడుగు జవాబు మీదికి వెళ్లింది, ఆగింది, కిందికి దిగింది.

"పొడుగ్గా ఉన్నది ఇదే సార్. కానీ ఇది నిజమో కాదో పైన చదివితేగానీ తెలీదు." మునివేళ్ల మీద లేచి ఖాకీ కాగితం అంచు పట్టుకోబోయింది. ఎత్తు చాల్లేదు. "టీచర్, నాకు అందట్లేదు."

"అది తీయకూడదమ్మా, అసలు ఆట అదే కదా" అన్నాడు సారు.

"పరీక్షలో కూడా కప్పేసే ఇస్తారా అండీ?" అని వెనకనుంచి తల్లి అడిగింది. కిటికీ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

పిల్ల చెయ్యి ఇంకా పైకే ఉంది. టీచరమ్మ ఆ చేతిని చూసింది, వెనక వరసలో తల్లిని చూసింది. ఆ కాగితం కింద తన గురించి రాసుకున్న వాక్యం ఎన్నో వరసలో ఉందో ఆమెకు తెలుసు. తాను చదివితే ఆ వాక్యాన్ని గబుక్కున దాటించేసేది. ఈ పిల్ల దాటించదు. కర్రను బోర్డుకు ఆనించి, గోటితో టేపు అంచు లేపింది. రెండు వరసల టేపు ఒక పట్టాన రాలేదు, చార్టు కొంచెం చిరిగింది కూడా. కాగితం కింద పడింది.

నత్తమ్మ చదవడం మొదలుపెట్టింది. చార్టు మీద వేలు జరుపుకుంటూ, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ చదివింది. అంత నెమ్మదిగా చదివితే వినేవాళ్లకు తప్పించుకోవడానికి చోటు దొరకదు. ఒక ట్యుటోరియల్‌లో. రెండు గదులున్నాయి. రెండో గది దగ్గరికి వచ్చేసరికి ఆవులింతలు ఆగిపోయాయి. ఇది పొరపాటున వచ్చిన చార్టు అంటూ సారు రెండడుగులు ముందుకు వేశాడు. ముందు వరసలోని పెద్దాయన ఒకరు చెయ్యి అడ్డం పెట్టి, చదవనివ్వండి అన్నాడు.

"కత్తిరించమన్నది సారు. సారు కత్తెర పట్టుకోలేదు. రోజూ మధ్యాహ్నం టీచరు ఒక్కతే కూర్చుని కత్తిరించింది." ఇక్కడ పిల్ల ఆగిపోయింది. అర్థం కాని వాక్యాన్ని రెండోసారి చదవడం ఆ పిల్లకు అలవాటు. ఈ వాక్యాన్నీ మొదటినుంచి చదివింది. తర్వాత చివరి వాక్యం చదివింది. "పిల్లలు చదవడం రాక తప్పలేదు, పాఠం లేక తప్పారు."

వేలు ప్రశ్నల మీదికి దిగింది. మొదటి గది పిల్లలకు ఏమిస్తారు? "పుస్తకమంతా." రెండో గది పిల్లలు ఎందుకు తప్పారు? "పాఠం లేక." కత్తెర పట్టింది ఎవరు? పిల్ల ఆ జవాబు కింద వేలు పెట్టింది. "టీచరు మాత్రమే" అని, తప్పు చేసినదానిలా తల దించుకుంది.

సారుకు ఊపిరి అందింది ఆ మాటతోనే. జనం వైపు తిరిగి రెండు చేతులూ చాపాడు.

"విన్నారుగా, టీచరు మాత్రమే. రాసిందీ ఆవిడే, ఒప్పుకుందీ ఆవిడే. నా వెనకాల ఇంత జరుగుతుంటే నాకెలా తెలుస్తుంది చెప్పండి? రేపట్నుంచి ఆవిడ ఇక్కడ ఉండదు, ఆ పూచీ నాది."

జనంలో గుసగుసలు రేగాయి, తలలు టీచరమ్మ వైపు తిరిగాయి. వాడు వంక పెట్టకూడదని ఎంతో జాగ్రత్తగా వెతికి రాసిన జవాబు పట్టుకునే వాడు ఒడ్డున పడుతున్నాడు. నేను కాదు అనడానికి లేదు, అక్షరం అక్షరం నిజం.

"సార్" అంది నత్తమ్మ. ఎవరూ వినిపించుకోలేదు. చార్టును అరచేత్తో తట్టి మళ్లీ పిలిచింది. "సార్, ఈ ప్రశ్న కత్తెర పట్టింది ఎవరని. కత్తిరించమంది ఎవరని కాదు. అది వేరే వాక్యం." వేలు పైకి తీసుకెళ్లి, ఆ వాక్యం వెతికి పట్టుకుని, ఇందాకటంత నెమ్మదిగానే చదివింది. "కత్తిరించమన్నది సారు."

మూడో వరసలో ఒక తండ్రి కొడుకు సంచీలోంచి పుస్తకం లాగి తెరిచాడు. సగం సగం పేజీలు. పక్కవాడికి చూపించాడు. ఆ తర్వాత సంచీలన్నీ తెరుచుకున్నాయి. సారు చుట్టూ మనుషులు మూగారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు, అరుపులూ పెద్దగా లేవు. ఒకరి తర్వాత ఒకరు పుస్తకం తెరిచి ఆయన మొహం ముందు పట్టుకున్నారు, అంతే. ఆయన ఏ చిట్కా తోచక, మొదట దొరికిన పని కదా అని నత్తమ్మ దరఖాస్తు తెప్పించి సంతకం పెట్టాడు. పెన్ను మొరాయిస్తే విదిలించి మళ్లీ పెట్టాడు. తల్లి దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని, పంపే శ్రమ మీకు వద్దు, నేనే ఇచ్చుకుంటాను అంది.

టీచరమ్మ ఈ ఘడియ కోసమే కదా అన్నం రుచి తెలిసి తిన్నది. చూస్తూ నిలబడింది, కళ్లారా చూసింది, తీయగానే ఉంది. నత్తమ్మ తల్లి వచ్చి ఎదురుగా నిలబడేదాకా తీయగానే ఉంది.

"రోజూ కత్తిరించావా?"

లాండ్రీలో నోటినిండా మీరు అన్న మనిషి. టీచరమ్మ తలూపింది.

"అవెక్కడున్నాయి ఇప్పుడు?"

"పారేశాను."

"మొన్న మా కొట్టుకొచ్చి అంతసేపు కూర్చున్నావు. ఈ ముక్క ఎందుకు చెప్పలేదు?"

దానికి టీచరమ్మ దగ్గర పొట్టి జవాబూ లేదు, పొడుగు జవాబూ లేదు. తల్లి మెడ పక్కకు తిప్పి హాల్లో గుంపును చూపించింది.

"ఆయన్ని అడగడానికి ఇంతమంది ఉన్నారు. నీ సంగతి చూడాల్సింది నేనే. నిన్ను తిట్టి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. కత్తిరించని పుస్తకం ఒకటి పట్టుకుని, పరీక్ష అయ్యేదాకా రోజూ మా కొట్టుకి రా. నేను ఇస్త్రీ చేసుకుంటూ ఉంటాను, నువ్వు దీని పక్కన కూర్చుని మొదటి పేజీ నుంచి చదివించు. గట్టిగా, నాకు వినపడేలాగ. ఒక్క లైను దాటేసినా నాకు తెలుస్తుంది."

రేపటినుంచి వస్తానమ్మా అంది టీచరమ్మ.

"రేపు కాదు, ఇప్పుడే" అని తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని బయల్దేరింది. వెనక్కి తిరిగి చూడలేదు. టీచరమ్మ ముందు బ్యాచ్ పుస్తకం ఒకటి చంకన పెట్టుకుని, గుమ్మం దగ్గర నలిగిన చెప్పుల గుట్టలో తన చెప్పులు వెతుక్కుని, వాళ్ల వెనకే నడిచింది.